ఏడు మార్కుల పర్యావరణం

అవార్డుల ఫలితాలు వచ్చేశాయి. మీరూ చూసే ఉంటారు. చూడకుండా తప్పించుకుందామన్నా కుదరదు. జిల్లా ఎడిషన్ మూడో పేజీలో వాళ్లే, వాట్సాప్ స్టేటస్‌లో వాళ్లే, కాలేజీ గేటు పక్కన కోటూ టై వేసుకుని పన్నెండడుగుల ఎత్తున నిలబడ్డదీ వాళ్లే. ‘పర్యావరణ, సుస్థిరాభివృద్ధి పరిశోధనలో అంతర్జాతీయ అవార్డు గ్రహీత.’ ఈ ఏడాది మా చుట్టుపక్కల కాలేజీలకు పంట బాగా పండింది. ఒక్క రెవెన్యూ డివిజన్‌లో ఇంతమంది ప్రపంచ స్థాయి పర్యావరణవేత్తలుండగా మా ఊరి చెరువు గుర్రపుడెక్కతో ఎందుకు పూడిపోయిందో నాకు అంతుపట్టలేదు. చెరువు మండల స్థాయి సమస్య కదా, వాళ్ల దాకా వెళ్లి ఉండదు.

ముందుగా గ్రహీతలందరికీ అభినందనలు. క్రెడిట్ కార్డు మీద డాలర్లలో కట్టి, దాని మీద బ్యాంకువాడు గుంజిన విదేశీ మారకం ఛార్జీ కూడా భరించి తెచ్చుకున్న గౌరవం అది. తేలిగ్గా తీసిపారేయకూడదు. జీతం మూణ్ణెల్లకోసారి వచ్చే కాలేజీలో పనిచేస్తూ ఆ డబ్బు కూడబెట్టడమంటే మాటలా? సుస్థిరాభివృద్ధి సాధించినట్టే లెక్క.

నాకూ వచ్చింది ఆ అవార్డులవాళ్ల ఉత్తరం. ఎప్పుడో బోటనీ లెక్చరర్‌గా ఉన్న రోజుల్లో వయ్యారిభామ కలుపు మీద ఒక వ్యాసం రాస్తే ఏదో సదస్సు సంచికలో అచ్చేశారు. దాని అడుగున నా ఈమెయిలు ఉంది. అదే నేను చేసిన నేరం. ‘మహోన్నత పరిశోధకులైన మీకు’ అంటూ మొదలైంది. నా ఇంటిపేరే నా పేరనుకున్నారు, మా ఊరి పేరేమో నేను పనిచేసే సంస్థ అనుకున్నారు. మీ విశిష్ట కృషికి మా కమిటీ అబ్బురపడింది అన్నారు కానీ ఏ కృషికి అబ్బురపడిందో చెప్పలేదు. నేను పలక్కపోయేసరికి ‘ఆఖరి అవకాశం’ అని ఇంకోటి వచ్చింది. ఆ తర్వాత ‘గడువు పొడిగించాం’, ఆ తర్వాత ‘మీ కోసమే మళ్లీ పొడిగించాం’. మా ఆవిడ చూసి, “ఏమండీ, నోబెల్ వాళ్లు కూడా ఇలాగే ఇన్నిసార్లు బతిమాలతారా?” అంది. ఆవిడ ఇంటర్‌తో ఆపేసింది. పీహెచ్‌డీలు చేసినవాళ్లకు ఈ అనుమానం ఎందుకు రాదో!

అవార్డుల రకాలు చదువుతుంటే తల తిరుగుతుంది. ఉత్తమ పరిశోధకుడు, ఉత్తమ యువ పరిశోధకుడు, ఉత్తమ పరిశోధకురాలు, ఉత్తమ పత్రం, విశిష్ట శాస్త్రవేత్త, జీవన సాఫల్యం. నామినేషన్ వేసేదీ మనమే, మనల్ని పొగుడుతూ రాసుకునేదీ మనమే. స్వయంగా వెళ్లి తీసుకుంటే ఒక రేటు, ఆన్‌లైన్లో తీసుకుంటే ఒక రేటు, జ్ఞాపిక కొరియర్‌లో కావాలంటే అదనం. తిరుమల కొండ మీద దర్శనానికి కూడా ఇన్ని రకాల టికెట్లు లేవు. ఫీజు కట్టేస్తే యువకుడిగా ఉంటూనే జీవితం సఫలం చేసుకోవచ్చు. ఎంపిక కమిటీలో ఎవరున్నారని మాత్రం అడక్కూడదు. అది గోప్యం.

ఈ విద్యలో మన తెలుగు నేల వెనకబడి లేదు లెండి. హైదరాబాద్ కేంద్రంగా ప్రపంచమంతా జర్నళ్లు, సదస్సులు నడిపిన ఒమిక్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమంది. జరగని పీర్ రివ్యూ జరుగుతోందన్నారు, ఫీజు సంగతి దాచిపెట్టారు, ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు సదస్సులకు వాడుకున్నారు. ఇవీ అభియోగాలు. మన అవార్డులవాళ్లు అంతకంటే నయం. ఫీజు సంగతి ముందే చెబుతారు.

ఇదంతా కీర్తి కోసం పడే తాపత్రయం అనుకుంటే మీకు కాలేజీల సంగతి తెలియనట్టే. దీని వెనక లెక్క ఉంది. యూజీసీ 2018 నిబంధనల్లో అధ్యాపకుల పరిశోధనకు మార్కులు వేసే పట్టిక ఒకటుంది. ప్రమోషన్ ఫైలు కదలాలంటే ఆ పట్టికే దిక్కు. అందులో అవార్డో ఫెలోషిప్పో జాతీయమైతే 5 మార్కులు, అంతర్జాతీయమైతే 7. ఒక సైన్సు పత్రం సరైన జర్నల్లో అచ్చయితే 8. అంటే మోకాలి లోతు బురదలో దిగి, సీసాల్లో నీళ్లు పట్టి, ల్యాబులో చెడిపోయిన యంత్రం బాగయ్యేదాకా కాచుకుని, రాసి, తిప్పి పంపితే మళ్లీ రాసి, అచ్చేయించుకున్నవాడికి 8. సాయంత్రం టీ తాగుతూ ఫోన్లో ఓటీపీ కొట్టినవాడికి 7. ఒక్క మార్కు కోసం చెరువులో దిగే వెర్రివాడెవడు చెప్పండి?

జాతీయ అవార్డులు ఎవరికీ ఎందుకు అక్కర్లేకుండా పోయాయో ఇప్పుడు తెలిసింది కదా. ఫీజులో పెద్ద తేడా లేదు, మార్కులేమో రెండు తక్కువ. అవార్డు అంతర్జాతీయం కావడం కూడా కష్టం కాదు. పేరులో ఆ ముక్క ఉండాలి, జూమ్ మీటింగులో ఇంకో దేశం నుంచి ఒక్కరు కెమెరా ఆపుకుని అయినా సరే కూర్చోవాలి. అంతే.

అధ్యాపకుడి లెక్క అది. కాలేజీ లెక్క ఇంకోటి. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ ఏడో ప్రమాణంలో గ్రీన్ ఆడిట్, ఎనర్జీ ఆడిట్, ఎన్విరాన్‌మెంట్ ఆడిట్‌ల వరసలోనే క్లీన్ అండ్ గ్రీన్ క్యాంపస్ గుర్తింపులు, అవార్డులు అని ఒక గడి పెట్టారు. గడి కనిపిస్తే నింపాలని ప్రిన్సిపాల్‌కు చెయ్యి దురద. నింపేవాడుంటే అమ్మేవాడు ఎలాగూ పుడతాడు. అసలు ఆ గ్రేడు కోసమే గుంటూరు జిల్లాలో ఏమేం చేతులు మారాయని సీబీఐ 2025 ఫిబ్రవరిలో చెప్పిందో చదివాం. నగదు, ల్యాప్‌టాప్‌లు, ఐఫోన్. ఆ జాబితా పక్కన పెట్టి చూస్తే సొంత డబ్బుతో ఫీజు కట్టుకున్న మన మాస్టారు సత్యహరిశ్చంద్రుడు.

స్టాన్‌ఫర్డ్ వాళ్ల టాప్ రెండు శాతం శాస్త్రవేత్తల జాబితా గురించి ఇప్పుడు ఎత్తను. ఆ ఫ్లెక్సీలకు సెప్టెంబరు దాకా టైముంది.

అన్నట్టు, నాకు అసలు కడుపు మండేది ఫ్లెక్సీ దగ్గర. అవార్డు కొనుక్కున్నాడు, పోనీ అనుకుందాం. ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టుకుని రోజూ తుడుచుకోవచ్చు. కాదు, ఫ్లెక్సీ వేయాలి. పర్యావరణాన్ని కాపాడినందుకు వచ్చిన అవార్డును లోకానికి చాటడానికి పీవీసీ పూసిన పాలిస్టర్ గుడ్డ చదరపు అడుగుల లెక్కన కొనాలి, దాని మీద ఘాటు వాసన కొట్టే ఇంకులతో భూగోళం గీయించాలి. రెండు చేతుల్లో భూగోళం, భూగోళం మీద మొలక. ఆ చేతులు ఎవరివో నాకు తెలియదు కానీ రాష్ట్రంలో ఉన్న ప్రతి ఫ్లెక్సీ దుకాణం కంప్యూటర్లోనూ ఉన్నాయి. “సార్, వెనకాల అడవి పెట్టమంటారా, జలపాతం పెట్టమంటారా?” అని కుర్రాడు అడుగుతాడు. రెండూ పెట్టమంటారు.

ఆ మీదట ఫొటోల వరస. పైన ట్రస్టు వ్యవస్థాపకుల ఫొటో, దండతో. ఆ పక్కన చైర్మన్‌గారు, కరస్పాండెంట్‌గారు, వారి అబ్బాయిగారు. ఒక మూల ఎమ్మెల్యేగారు, నమస్కారం పెడుతూ. ప్రిన్సిపాల్, వైస్ ప్రిన్సిపాల్, విభాగాధిపతి. అడుగున అవార్డు గ్రహీత, సర్టిఫికెట్ పట్టుకుని. ఇంతమంది మధ్య భూగోళానికి చోటు చాలక కరస్పాండెంట్‌గారి చెవి వెనక్కి జరిగింది.

చట్టం సంగతేమిటని మీరడగొచ్చు. కేంద్రం 2022 జులై 1 నుంచి వంద మైక్రాన్ల కంటే పలచని పీవీసీ బ్యానర్లు వాడొద్దంది. మనవాళ్లు చట్టాన్ని గౌరవిస్తారు. అంతకంటే మందంగా ఉన్నదే వేయించారు. ఆంధ్రప్రదేశ్‌లోనైతే 2022 ఆగస్టు 26న విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తున్నామని సభాముఖంగా ప్రకటించారు. నవంబరు 1 నుంచి అన్నారు. వ్యాపారులు గడువడిగితే 2023 జనవరి 26కి జరిపారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి జనవరి 26కీ గణతంత్ర శుభాకాంక్షలు ఏ గుడ్డ మీద చదువుకున్నామో మీకు వేరే చెప్పాలా?

ఈ మధ్య ఒక కాలేజీలో ఇలాంటి సన్మానానికే నన్నూ పిలిచారు. పేరు చెప్పను, అన్నం పెట్టారు. వేదిక వెనక తెర మీద ‘సేవ్ ఎర్త్’ అని అడుగు ఎత్తు థర్మాకోల్ అక్షరాలు గుండుసూదులతో గుచ్చారు. అలంకరణకు వాడే థర్మాకోల్ కేంద్రం నిషేధించిన జాబితాలోనే ఉంది. పంచిపెట్టిన స్వీటు పెట్టె మీద జిగేలుమనే పలచటి ప్లాస్టిక్ పొర. అదీ ఆ జాబితాలోదే. ఈ ఒక్క సభతో జాబితాలో సగం దొరికేట్టుందే, ఆడిట్‌కు పనికొస్తుందని లెక్కపెట్టడం మొదలెట్టాను. గులాబీ బొకే చుట్టూ ప్లాస్టిక్, కప్పిన శాలువా పాలిస్టర్, జ్ఞాపిక యాక్రిలిక్, దాని పెట్టెలో స్పాంజి, పెట్టె చుట్టూ బుడగల కవరు. వేదిక మీద ప్రతి పెద్దమనిషి ముందూ అరచేతిలో పట్టే నీళ్ల సీసా. రెండు గుక్కలు తాగి వదిలేస్తే ఎత్తేసి మళ్లీ కొత్తది పెడుతున్నారు. చివర్లో అందరం లేచి నిలబడి కుడి చెయ్యి చాపి, ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వాడబోమని ప్రతిజ్ఞ చేశాం. నేనూ చేశాను. పక్కవాడి చెయ్యి తగిలి నా ముందున్న సీసా దొర్లింది.

తర్వాత మొక్క నాటే కార్యక్రమం. ఏం నాటారనుకుంటున్నారు? కోనోకార్పస్. వద్దు మొర్రో అని వృక్షశాస్త్రం చదివినవాళ్లు మొత్తుకుంటున్న మొక్క. చప్పట్లు కొట్టినవాళ్లలో బోటనీ విభాగం ముందు వరసలో ఉంది. నేను నోరు తెరవబోతే పాత శిష్యుడొకడు చెయ్యి పట్టుకుని, “మాస్టారూ, వదిలేయండి. తొందరగా పెరుగుతుంది, న్యాక్ వాళ్లు వచ్చేసరికి పచ్చగా కనిపిస్తుంది” అన్నాడు.

బయటికొస్తుంటే గేటు దగ్గర వాచ్‌మన్ ప్రిన్సిపాల్‌గారికి అడ్డం పడ్డాడు. “సార్, పోయినేడు ఫ్లెక్సీ మా పాక మీద కప్పుకున్నాను, ఒక మూల చాలట్లేదు. వచ్చేసారి అవార్డుకు కాస్త వెడల్పుగా వేయించండి సార్.” ఈ మొత్తం వ్యవహారంలో పర్యావరణం గురించి ఆచరణలో పెట్టదగ్గ మాట నేను విన్నది ఇదొక్కటే. వాచ్‌మన్ పాకలో చూరు మీద నుంచి ఒక అంతర్జాతీయ శాస్త్రవేత్త తలకిందులుగా నవ్వుతున్నాడట.

సరే, పరిశోధన లేదా అంటే ఉంది. ఆకులు ఉడకబెడుతున్నారు. తెలియనివాళ్ల కోసం కాదు, తెలిసినవాళ్లు ఒప్పుకోవడం కోసం చెబుతున్నాను. ఆకు కోయి, కడుగు, ఉడికించు, వడకట్టు, సిల్వర్ నైట్రేట్ కలుపు. రంగు గోధుమకు తిరిగితే వెండి నానో రేణువులు పుట్టినట్టు. యంత్రంలో పెడితే 420 నానోమీటర్ల దరిదాపుల్లో ఒక గుబ్బ లేస్తుంది. పేపరు తయారు. పద్ధతిని తప్పుపట్టడం లేదు, మొదట చేసినవాళ్లు మంచి పనే చేశారు. కానీ ఆకు మారితే పరిశోధన మారిపోతుందా? వేప అయింది, తులసి అయింది, మునగ, తంగేడు, జిల్లేడు, గుంటగలగర అన్నీ అయ్యాయి. వినాయక చవితి పత్రి 21 రకాల్లో ఇంకా ఉడకనిది ఏదైనా ఉంటే చెప్పండి, వచ్చే ఏడాది అవార్డు దానికే. ప్రతి పేపరు చివరా ఒకటే మాట, నీటి శుద్ధికి పనికిరావచ్చు అని. పని అయ్యాక మిగిలిన వెండి నీళ్లు ల్యాబు సింకులో పోస్తారు. ఆ గొట్టం కాలేజీ వెనక కాలువలోకి, ఆ కాలువ చెరువులోకి.

ఒక అమ్మాయి అలాంటి కాలువ నీళ్లే పట్టింది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం. ఊరు పేరు వద్దు. కాలేజీ అవతల ఉన్న ఫ్యాక్టరీ నుంచి రాత్రిపూట వ్యర్థాలు వదులుతారని ఊళ్లోవాళ్లు చెబితే, తెల్లారకముందే తమ్ముణ్ని తోడు పెట్టుకుని వెళ్లి మూడు చోట్ల సీసాలు నింపుకొచ్చింది. గైడు పరీక్షలకు ఒప్పుకున్నాడు. సంగతి పైకి పాకింది. పిలిపించి ఎవరూ గట్టిగా అరవలేదు, ఎంతో ఆప్యాయంగా చెప్పారు. “ఆ నీళ్ల జోలి మనకెందుకమ్మా? క్యాంపస్ ఇంటర్వ్యూలకు వచ్చేది వాళ్లే. ఏదైనా ఆకు తీసుకోరాదూ!” ఆమె ఆకు తీసుకుంది. డిస్టింక్షన్ వచ్చింది. సీసాలు కొన్నాళ్లు ఫ్రిజ్‌లో ఉండి, కరెంటు పోయిన వేసవిలో కంపు కొడితే ఎవరో పారబోశారు.

హైదరాబాద్ శివారు పటాన్‌చెరు నీళ్లలో మందులెంత ఉన్నాయో ఎవరు పరీక్షించారో తెలుసా? స్వీడన్ వాళ్లు. గోథెన్‌బర్గ్ నుంచి వచ్చిన యోకిమ్ లార్సన్ బృందం. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొస్తున్న నీళ్లు, శుద్ధి అయిన తర్వాతి నీళ్లు, పట్టుకెళ్లి చూశారు. 2007లో అచ్చేశారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! బిళ్ల మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు 45 కిలోల దాకా ఆ ఒక్క మందే కాలువలోకి పోతోందని లెక్క తేల్చారు. అది స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో మింగే మందు. 2009లో చుట్టుపక్కల చెరువుల్లో, ఊరి బావుల్లో కూడా మందులు దొరికాయని మళ్లీ రాశారు. మందులకు లొంగని క్రిముల గురించి ప్రపంచంలో ఎక్కడ మాట్లాడినా ఈ వాగుల ప్రస్తావన వస్తుంది.

ఆ వాగుల పక్కనుంచి రోజూ కాలేజీ బస్సులు పోతాయి. ఎన్ని ఇంజినీరింగ్ కాలేజీలు, ఎన్ని ఫార్మసీ కాలేజీలు, ఎన్ని కెమిస్ట్రీ విభాగాలు! ముక్కు మూసుకుని కిటికీ అద్దం జరిపేసిన డాక్టరేట్లు ఎందరు! ఇసుకవాగు, నక్కవాగు నీళ్లు రంగు మారాయని పశువులు చచ్చిన రైతులు చెప్పారు. అక్కడే ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టర్ అల్లాని కిషన్‌రావు దశాబ్దాల తరబడి కోర్టుల చుట్టూ, కార్యాలయాల చుట్టూ తిరిగి చెప్పారు. 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. ఆ నీళ్లలో మందులెంతో తేల్చడానికి మాత్రం సముద్రాలు దాటి మనుషులు రావాల్సి వచ్చింది. సిగ్గుండాలి మనకు. నేనూ లెక్చరర్‌గా జీతం తీసుకున్నవాణ్నే, అందుకే ‘మనకు’ అంటున్నాను.

చేతగాక కాదు. నల్లగొండ పేరు ప్రపంచ నీటి శాస్త్రం పుస్తకాల్లో ఉంది. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు ఒక పద్ధతి తయారు చేసి నల్లగొండ టెక్నిక్ అన్నారు. పల్లెటూరి ఇంట్లో బకెట్‌తో చేసుకోవచ్చు. పరిశోధన అంటే అది. ఉద్దానంలో మనుషుల కిడ్నీలు ఎందుకు పాడైపోతున్నాయో నేటికీ ఇదీ కారణమని గట్టిగా తేలలేదు. అది తేల్చడానికి పట్టికలో ఎన్ని మార్కులున్నాయో యూజీసీ చెప్పాలి.

నీళ్లే కాదు, చెట్ల సంగతీ అంతే. 2025 ఉగాది రోజున కంచ గచ్చిబౌలిలో బుల్డోజర్లు దిగాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు ఎదురెళ్లారు, ఈడ్చి వ్యానుల్లో పడేశారు, కేసులు పెట్టారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేదాకా చెట్లు కూలుతూనే ఉన్నాయి. ఆ నాలుగు రోజులూ మన అంతర్జాతీయ గ్రహీతల స్టేటస్‌లు పనిగట్టుకుని చూశాను. ఉగాది శుభాకాంక్షలున్నాయి. షడ్రుచుల విశిష్టత ఉంది. ఒకాయన పంచాంగ శ్రవణం లింకు పెట్టాడు.

నిజమైన అవార్డులు లేవా అంటే, ఉన్నాయి. వాటిలోనూ అన్నీ గంగాజలంతో కడిగినవి కావు. ఇటలీ చమురు కంపెనీ ఎనీ 2007లో ఇంధన, పర్యావరణ పరిశోధనకు అవార్డులు పెట్టింది. తన డీజిల్‌ను పచ్చనిదని ప్రకటనల్లో చెప్పుకున్నందుకు అదే కంపెనీకి 2020 జనవరిలో ఆ దేశపు పోటీ నియంత్రణ సంస్థ 50 లక్షల యూరోల జరిమానా వేసింది. వాళ్ల సంగతి వాళ్ల కాలమిస్టులు చూసుకుంటారు.

అమెరికాలో 1973 నుంచీ ఉన్న టైలర్ పర్యావరణ ప్రైజు మన జీవావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్‌కు 2015లో వచ్చింది. ఆయన ఫీజు కట్టలేదు. నాలుగేళ్ల ముందు, 2011లో, పశ్చిమ కనుమల మీద కమిటీ నివేదిక ఇచ్చారు. క్వారీలు ఆపండి, ఈ వాలుల మీద కట్టడాలు వద్దు అని తాలూకాల పేర్లతో సహా రాశారు. వయనాడ్‌లోని వైత్తిరి తాలూకా అత్యంత సున్నిత ప్రాంతాల జాబితాలో ఉంది. ఆ నివేదికను పక్కనపెట్టి, దాన్ని పలచన చేయడానికి ఇంకో కమిటీ వేశారు. 2024 జులై 30 తెల్లవారుజామున అదే తాలూకాలో ముండక్కై, చూరల్‌మల మీద కొండ విరిగిపడింది. వందల మంది నిద్రలోనే పోయారు. అప్పుడు టీవీలవాళ్లంతా గాడ్గిల్ ఇంటి నంబరు వెతుక్కున్నారు.

మన తెలుగువాళ్లకూ వచ్చాయి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజు వచ్చింది. అక్కడ మెట్ట చేలల్లో కొర్ర, సామ, జొన్న విత్తనాలు ఇంట్లో బుట్టల్లో దాచి, బూడిదా వేపాకూ కలిపి కాపాడినవాళ్లు దళిత మహిళలు. వేపాకు వాళ్లూ వాడారు, ఉడకబెట్టలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ ప్రైజులో వాటా దక్కింది. దాని మీద కూడా వాదనలుండొచ్చు, ఉన్నాయి, పొలానికెళ్లి వాదించుకోవచ్చు. చూడ్డానికి పొలమంటూ ఒకటుంది కదా! వీళ్లలో ఎంతమందికి ఈమెయిలు ఉందో తెలియదు, కాబట్టి ‘మహోన్నత పరిశోధకులైన మీకు’ ఉత్తరం అంది ఉండదు. బతికిపోయారు.

కొనుక్కున్న మాస్టారి మీద నాకు పెద్ద కోపం లేదు. ఇంటి అప్పు, పిల్లల ఫీజులు, ఏళ్ల తరబడి అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గరే ఆగిపోయిన బతుకు. పక్క సీటువాడు 7 మార్కులు కొనుక్కుని ముందుకెళ్తుంటే ఎన్నాళ్లు చూస్తూ కూర్చుంటాడు? నా కోపం ఆ మార్కులు పెట్టినవాడి మీద. సర్టిఫికెట్ చూసి సంతకం పెట్టే ఇంటర్వ్యూ బోర్డు మీద. అవార్డు ఇచ్చిన సంస్థ చిరునామా ఏ ఊళ్లో ఏ మేడ మీద ఉందో ఒక్కసారైనా వెతకని పెద్దల మీద. సీసాలు పారబోయించి ఆకు చేతిలో పెట్టిన ఆప్యాయత మీద.

యూజీసీ వారు ఆ పట్టికలో ఒక వరస కొట్టేస్తే చాలు, ఈ దుకాణాలు చాలామటుకు మూతపడతాయి. కొట్టేయలేకపోతే కనీసం, ఫీజు తీసుకుని ఇచ్చిన ఏ అవార్డుకూ మార్కులు లేవని ఒక్క వాక్యం చేర్చండి. కాగితం మీద ఒకటిన్నర పంక్తి పడుతుంది.

అంతదాకా జిల్లా విలేకరి మిత్రులకు ఒక విన్నపం. ఫొటోతో సహా ప్రెస్ నోట్ మీ వాట్సాప్‌లో పడగానే పేజీలోకి తోసేయకండి. ఆ మాస్టారికి ఫోన్ చేయండి. ఏ పరిశోధనకు ఇచ్చారో, నమూనాలు ఏ ఊరి నుంచి తెచ్చారో, ఎంపిక చేసినవాళ్లలో ఒక్కరి పేరైనా తెలుసో లేదో అడగండి. ఇవన్నీ అడగడానికి టైము లేదంటారా, ఫీజు కట్టిన రసీదు ఒక్కటి అడగండి. అది చూపించాకే వార్త వేయండి, రసీదు ఫొటోతో.